తొట్టెల గదిలో నా నలభై రోజులు

1వ రోజు

సామాన్ల గది తాళంచెవి ఇవాళ నా చేతికి వచ్చింది. మా ఊళ్ళో ఇంటికొక ఆడమనిషి ఏడాదికి నలభై రోజులు ఊరిపని చెయ్యాలి. పోయిన ఏడు నాకు బియ్యం గోదాము పడింది. ఈసారి ఆస్పత్రిలో తొట్టెల గది కావాలని నేనే అడిగి తీసుకున్నాను. మూడో తొట్టెలో ఉన్నది నా మనవరాలు. పుట్టి నాలుగు రోజులు. నెలలు నిండకుండా వచ్చింది. బరువు 1,420 గ్రాములు. మా ఇంట్లో నిండు పప్పు డబ్బా అంతకంటే ఎక్కువ తూగుతుంది.

అప్పగించినవి: నూలుగుడ్డలు 64. పాలచెంచాలు 12. ఉగ్గుగిన్నెలు 6. కాచిన నీళ్ళ కుండ 1. సబ్బునీళ్ళ డబ్బా 1.

డబ్బాలు రెండు రావాలి. నేలమీద ఎండకు పట్టాలు వంగిపోయి, మా ఊరున్న పాత గనిలోకి దిగే ట్రాలీ సగంలో ఆగిందట. మళ్ళీ ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఉన్న ఒక్క డబ్బా వారానికి సరిపోతుంది. లెక్క వేశాను. సోలెడు సబ్బుకు రెండు సోలల నీళ్ళు కలిపితే మూడు వారాలు వస్తుంది. కుండలో కాచి చల్లార్చిన నీళ్ళే కలిపాను.

తొట్టెల గది తలుపు పక్కన, పైన నొక్కితే సబ్బు వచ్చే తెల్ల జాడీ ఉంది. అడుగున మూడు వేళ్ళ మందం పాత సబ్బు మిగిలి ఉంది. పారబోయబుద్ధి కాలేదు. దాని మీదే కొత్తది పోశాను. నా సంసారంలో ముప్పై ఏళ్ళుగా ఏ సీసా అడుగూ వృథా కాలేదు.

తలుపు కాపలా దాదిది. దాది అంటే మనిషి కాదు. గోడలో ఒక కన్ను, ఒక గొంతు, కప్పు నుంచి తొట్టెల మీదికి దిగే నాలుగు మెత్తటి చేతులు. తల్లి కుళాయి కింద చేతులు కడుగుతుంటే దాది నలభై లెక్కపెడుతుంది. ముప్పైతొమ్మిదికి తలుపు తీయదు. కడిగిన చేతులతో తల్లి లోపలికి వెళ్ళి, బిడ్డను రొమ్ము మీద వేసుకుని గంటసేపు కూర్చుంటుంది. ఆ వెచ్చదనం దాది చేతుల్లో లేదు.

మందులకు జబ్బులు లొంగిన కాలం మా అమ్మమ్మ చూసింది. ఒక సూదితో జ్వరం దిగేదట. మా దాకా వచ్చేసరికి ఏ మందూ పనిచెయ్యడం లేదు. మాకు మిగిలినవి పాలు, వెచ్చదనం, శుభ్రమైన చేతులు.

సాయంత్రం నా కూతురు పావని బిడ్డను రొమ్ము మీద వేసుకుని గది అద్దపు గోడలోంచి నన్ను చూసింది. బయటికి వచ్చాక అన్నది, "అమ్మా, దాని గుండె నా గుండెకంటే రెండింతలు కొట్టుకుంటున్నదే. గట్ల కొట్టుకోవచ్చునా?"

"కొట్టుకోవచ్చు. నువ్వు గూడ గట్లనే ఉంటివి," అన్నాను.

పావని నెలలు నిండి, మూడు కిలోలతో పుట్టింది.

4వ రోజు

గుడ్డలు ఉడకబెట్టినవి 38. జాడీలో పోసింది సోలెడు సబ్బు, రెండు సోలల నీళ్ళు. డబ్బాలో ఇంకా ముప్పాతిక ఉంది. గది చూసుకునే సుగుణ సిస్టర్ డబ్బాలోకి తొంగిచూసి, "సక్కుబాయమ్మా, నీ అసుంటి మనిషి ఏడాదంతా ఉంటే బాగుండు," అన్నది. సంతోషమైంది. రాసుకున్నాను.

దాది రోజూ పొద్దున ఎవరు ఎన్నిసార్లు చేతులు కడిగారో చదువుతుంది. నిన్న రెండో తొట్టె తల్లి ఫర్హానా పద్నాలుగు సార్లు, మా పావని పన్నెండు సార్లు. ఒకటో తొట్టె స్వరూప తొమ్మిది. ఐదో తొట్టె వాళ్ళు, అంటే బుచ్చవ్వా ఆమె కోడలూ కలిపి పదకొండు. నాలుగో తొట్టె తల్లి కాన్పు తరువాత లేవలేక ఇంట్లోనే ఉంది కాబట్టి సున్నా. ఆ బిడ్డను దాది చేతులే చూస్తాయి.

ఆరో తొట్టె జోగమ్మ: నీళ్ళు ఆరుసార్లు, సబ్బు సున్నా.

జోగమ్మది పైఊరు. వాళ్ళు ఇంకా నేలమీదే ఉంటారు. పగలు గుంతల్లో పడుకుని, పొద్దు వాలాక అడవిలోకి వెళ్ళి ఇప్పపువ్వు ఏరుకుంటారు. కాన్పు కష్టమై ఇక్కడికి దిగింది. కుళాయి కింద చేతులు పెట్టి నలభై అయ్యేదాకా ఊరికే నిలబడుతుంది. ఆ తరువాత కొంగులోంచి చిన్న సీసా తీసి చేతులకు రుద్దుకుంటుంది. సీసాలో ఉన్నది ఇప్పసారా.

బుచ్చవ్వ ముక్కు మూసుకుంది. "ఈ వాసనకు తొట్టెలు మనం ఊపే పనే లేదు, పోరగాండ్లు వాళ్ళే ఊగుతరు!"

అందరం నవ్వాం. నేనే అడిగాను, "ఏందమ్మా జోగమ్మా, పసిపిల్లల గదిలకు సారాతోని వస్తవా?"

"తాగేటిది కాదమ్మా ఇది. మీ సబ్బు పెడితే నా చేతులు పగిలి నెత్తురొస్తది." అరచేతులు తిప్పి చూపించింది. నిజంగానే గీతలు గీతలుగా పగిలి ఉన్నాయి. "రెండుసార్లు కాసినం. నాలిక మీద బెడితే పొక్కుతది. ఎవలు తాగుతరు?"

"ఎవలో ఒకలు తాగుతరులే, పోస్తె," అన్నది బుచ్చవ్వ. మళ్ళీ నవ్వాం. జోగమ్మ నవ్వలేదు.

6వ రోజు

రెండో తొట్టె బిడ్డ పొద్దుటి నుంచి పాలు తాగలేదు.

ఫర్హానా చెంచాతో పోసింది. పాలు మూతి పక్కనుంచి కారిపోయాయి. పాదాలు చల్లగా ఉన్నాయి. ఒళ్ళు ఆరిన బూడిద రంగుకు తిరిగింది. దాది చేతులు ఆ తొట్టె మీదికి దిగి పైకి లేవలేదు.

"సక్కు అత్తా, నేను చేతులు కడిగిన. ఇరవైసార్లు కడిగిన," అని ఫర్హానా నాతో అన్నది. నేనేమీ అడగలేదు.

8వ రోజు

"రెండో తొట్టె. ఊపిరి ఆగింది," అన్నది దాది. తల్లులకు తలుపు తీసేటప్పుడు ఏ గొంతుతో రమ్మంటుందో అదే గొంతు.

నలభై రోజులు నిండేదాకా బిడ్డకు పేరు పెట్టడం మా ఊళ్ళో లేదు. ఏ మతం వాళ్ళైనా ఇదే కట్టుబాటు. దాది పుస్తకంలో 'రెండో తొట్టె' అని రాసుకుంది. నేనూ అదే రాసుకున్నాను.

గుడ్డలు ఉడకబెట్టినవి 51. ఎక్కువే. చేతులు ఊరుకోలేదు.

9వ రోజు

ఐదో తొట్టె. బుచ్చవ్వ మనవరాలు పాలు తాగడం లేదు.

బుచ్చవ్వ పొద్దుటి నుంచి కదలలేదు. అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంటే కొంగుతో తుడుస్తోంది. మళ్ళీ మసకబారుతోంది, మళ్ళీ తుడుస్తోంది.

నేను పావనిని పట్టుకుని గట్టిగా చెప్పాను. "ఇంకా ఎక్కువ కడుగు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద. జాడీ రెండుసార్లు నొక్కు. సబ్బు నేను చూసుకుంట, నువ్వు మిగల్చకు."

జాడీలో అదనంగా ఇంకో సోలెడు పోశాను.

10వ రోజు

ఊరి కమిటీకి కాగితం రాశాను. కింద సంతకం నాది. స్వరూపా, ఐదో తొట్టె తల్లీ వేలిముద్రలు పెట్టారు. 'ఆరో తొట్టె తల్లి సబ్బు వాడదు. సారా పూసుకుని పసిపిల్లల గదిలోకి వస్తుంది. ఆమె వచ్చాకే జబ్బు మొదలైంది. విచారించండి.'

ఆమె వచ్చింది రెండో రోజున. జబ్బు మొదలైంది ఆరో రోజున. తేదీలు కలిశాయి.

11వ రోజు

వాలుబాట మెట్ల మీద జారాను. చీలమండ వాచింది. సిస్టర్ ఇంటికి పంపింది. నా బదులు చామంతి వచ్చింది. పక్క గల్లీలో కొత్త కోడలు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో ఇంకా తెలియని పిల్ల. తాళంచెవి ఇస్తుంటే నా ప్రాణం ఒప్పుకోలేదు.

12వ రోజు

ఇంట్లోనే. ఐదో తొట్టె ఖాళీ అయిందని మా ఆయన వచ్చి చెప్పాడు. బుచ్చవ్వ దగ్గరికి వెళ్దామని లేచాను. కాలు నిలవలేదు.

14వ రోజు

ఇంట్లోనే. కొత్తగా ఎవరికీ రాలేదు. పావని వచ్చినప్పుడల్లా చిన్నదాని ఊపిరి ఎంతో అడిగి రాసుకుంటున్నాను. నిమిషానికి 46, 48, 44. బరువు 1,465.

17వ రోజు

మళ్ళీ వచ్చాను. ట్రాలీ కదిలి రెండో డబ్బా కూడా వచ్చిందట. చూస్తే అందులో సగం లేదు!

"చామంతీ, ఆరు రోజులల్ల ఇంత సబ్బు ఏం జేసినవే?"

"నేనేం జేసిన అత్తా? మొదటిరోజే ఆ తెల్ల జాడీ నా చేతిలకెళ్ళి జారి పలిగింది. తిడతవని చెప్పలే. కొత్తది తెచ్చి పెట్టిన."

"జాడీ సరే. సబ్బు?"

"నీళ్ళు కలపాల్నని నువ్వు చెప్పనే లేదు. డబ్బాలకెళ్ళి సక్కగ పోసిన. చిక్కగ మంచిగ వస్తున్నదని అందరు మెచ్చుకున్నరు."

తల పట్టుకున్నాను. పుస్తకంలో ఆ ఆరు రోజులకు ఎదురుగా రాశాను: నీళ్ళు 0. వృథా ఎక్కువ. ఇవాళ కొత్త జాడీలో మిగిలినదాని మీద నా కొలత ప్రకారం కలిపి పోశాను.

జోగమ్మ ఈ ఆరు రోజులూ వస్తూనే ఉందని తెలిసింది. కమిటీ ఇంకా ఏదీ తేల్చలేదట.

21వ రోజు

ఒకటో తొట్టె. స్వరూప కొడుకు పాలు వదిలేశాడు.

ఈ గదిలో కనబడనిది ఏదో తొట్టె తొట్టెకూ తిరుగుతోంది. నేను గుడ్డలు మడుస్తూ దాని అడుగుల చప్పుడు కోసం వింటున్నాను. చప్పుడు ఉంటే బాగుండేది.

22వ రోజు

మూడో తొట్టె.

పొద్దున పావని అరిచింది. నేను గదిలోకి వెళ్ళేసరికి చిన్నది పావని రొమ్ము మీద ఉంది, కానీ మూతి కదపడం లేదు. పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. నా బొటనవేలంత పాదం.

ఊపిరి నిమిషానికి 71. మధ్యలో పది లెక్కపెట్టేంతసేపు ఆగుతోంది. మళ్ళీ మొదలవుతోంది. ఆగినప్పుడల్లా పావని నా ముఖం చూస్తోంది. నా ముఖంలో ఏం చూస్తోందో నాకు తెలియదు.

గుడ్డలు లెక్కపెట్టలేదు.

23వ రోజు

కమిటీ తేల్చింది. మా ఊరి కట్టుబాటు పాతదే: జబ్బు ఏ ఇంటివాళ్ళ వల్ల వచ్చిందో ఆ ఇంటి బిడ్డ తొట్టెల గదిలో ఉండకూడదు. జోగమ్మ ఎల్లుండి బిడ్డతో సహా పైకి వెళ్ళిపోవాలి. పైన ఇప్పుడు నీడలో కూడా కోడిగుడ్డు గట్టిపడే వేడి. రెండు కిలోలు లేని బిడ్డ ఆ గుంతల్లో రెండు రోజులు ఉండదు. ఆ సంగతి కమిటీకి తెలుసు. నాకూ తెలుసు.

జోగమ్మ నా దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. "సక్కమ్మా, నీ మనవరాలికి ఎట్లున్నది?" అని అడిగింది. తలుపు వేసుకున్నాను.

సుగుణ సిస్టర్ వచ్చి, తీర్పుతో జతచెయ్యడానికి కమిటీకి రోజువారీ లెక్క కావాలన్నది. "ఎవరు ఎప్పుడు వచ్చిండ్రు, ఎవరికి ఎప్పుడు జబ్బు వచ్చింది, అన్నీ నీ పుస్తకంల ఉంటయి గదా. రేపటికి ఒక్క కాగితం మీద రాసియ్యమ్మా. నీ లెక్కంటే ఎవరూ మారుమాట అనరు."

24వ రోజు

రాస్తున్నాను. ఎవరైనా ఇది చదివితే జరిగింది జరిగినట్టు తెలియాలని రాస్తున్నాను.

పెద్ద కాగితం మీద గీతలు గీశాను. ఒక వరుసలో రోజులు. ఒక వరుసలో జబ్బుపడిన తొట్టె. ఒక వరుసలో జోగమ్మ వచ్చిన రోజులు. ఆమె అన్ని రోజులూ వచ్చింది. మొదటి జబ్బు ఆరో రోజు, రెండోది తొమ్మిదో రోజు. పది నుంచి ఇరవై దాకా కొత్తగా ఎవరికీ లేదు. ఆ రోజుల్లోనూ జోగమ్మ అదే సీసాతో వచ్చింది. మరి అప్పుడెందుకు రాలేదు?

దాది చదివిన లెక్క పక్కన పెట్టుకున్నాను. ఫర్హానా పద్నాలుగు, పావని పన్నెండు, బుచ్చవ్వ ఇల్లు పదకొండు, స్వరూప తొమ్మిది. ఈ నలుగురి బిడ్డలూ జబ్బుపడ్డారు. ముందు పడింది అందరికంటే ఎక్కువ కడిగినామె బిడ్డ. తల్లి రాని నాలుగో తొట్టె బిడ్డ బాగుంది. సబ్బు ముట్టని జోగమ్మ బిడ్డ బాగుంది.

నేను లెక్క తప్పానేమోనని మళ్ళీ మొదటి నుంచి చూశాను. మూడోసారి కూడా చూశాను.

చివర ఒక వరుస మిగిలింది. సామాన్ల ఖర్చు. కమిటీకి అది అక్కర్లేదు. చేతి అలవాటుగా రాసుకుంటూ పోయాను. సబ్బు సోలెడు, నీళ్ళు రెండు సోలలు. సబ్బు సోలెడు, నీళ్ళు రెండు సోలలు. పదకొండు నుంచి పదహారు: నీళ్ళు 0. పదిహేడు నుంచి మళ్ళీ నీళ్ళు. నాలుగు రోజులకు ఒకటో తొట్టె. ఐదు రోజులకు మూడో తొట్టె.

లేచి వెళ్ళి జాడీ తెచ్చాను. మూత తిప్పి వేలు లోపలికి పెట్టాను. జాడీ లోపలి గోడ జారుడుగా తగిలింది, కదలని నీళ్ళలో రాయి మీద పట్టిన పాచిలాగా. వాసన లేదు. పైన నురగ. పలిగిన జాడీని గానీ, దాని బదులు వచ్చిన ఈ జాడీని గానీ నేను ఒక్కరోజు కూడా ఖాళీ చెయ్యలేదు, కడగలేదు. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకా కొత్తది. పాత జాడీ నుంచి నా సోలకు అంటుకుని వచ్చిందేమో, పలచబడిన సబ్బులో ఏదో బతికింది. నేను దానికి రోజూ సోల సోల చొప్పున తిండి పెట్టాను. తల్లులు దాన్ని చేతులకు పట్టించుకుని, నలభై లెక్కపెట్టి, బిడ్డల్ని ముట్టుకున్నారు.

రెండుసార్లు నొక్కమని పావనికి చెప్పింది నేనే.

ఆ తరువాత నేను చేసింది కూడా రాయాలి. జాడీ తీసుకుని తూము దగ్గరికి వెళ్ళాను. బాగా ఉడకబెట్టి, కడిగి, చిక్కటి సబ్బు పోసి పెట్టేస్తే రేపటి నుంచి జబ్బు ఆగుతుంది. ఎవరికీ తెలియదు. జోగమ్మ పోయాక జబ్బు ఆగింది కాబట్టి ఆమే కారణమని ఊరంతా అనుకుంటుంది. చెబితే కట్టుబాటు నా ఇంటి మీదికి తిరుగుతుంది. గదిలోంచి బయటికి పోయేది మూడో తొట్టె. దాని ఊపిరి ఇప్పుడు 68.

జాడీ వంచాను.

"ఏం జేస్తున్నవే అమ్మా?" పావని గుమ్మంలో నిలబడి ఉంది. పాలు పిండడానికి గిన్నె కోసం వచ్చింది. చేతులు ముందుకు చాపి, దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుంది. అప్పుడే కడిగిన చేతులు.

"ఆ చేతులతోని చిన్నదాన్ని ముట్టకు," అన్నాను.

"ఇప్పుడే కడిగినగద."

"అందుకే."

చెప్పాను. మొత్తం చెప్పాను. పావని కింద కూర్చుంది. తన అరచేతులు చూసుకుంది. తరువాత, "వంచకు. అది నిలబెట్టు," అన్నది.

25వ రోజు

పొద్దునే జాడీని గుడ్డలో చుట్టి సుగుణ సిస్టర్ ముందు పెట్టాను. కాగితం కూడా. ఆమె కాగితం చదివి, జాడీని చూసి, మళ్ళీ కాగితం చూసింది.

"దాదీ," అని పిలిచింది. "పిల్లల నెత్తురుల ఏం పురుగున్నదో చూసినవ్ గదా. ఈ సబ్బుల ఏమున్నదో చూడు."

దాది ఒక చుక్క తీసుకుంది. రెండు గంటలు కూర్చున్నాం.

"రెండు, ఐదు, ఒకటి, మూడు తొట్టెల్లో ఉన్నదే ఇందులో ఉంది," అన్నది దాది.

సిస్టర్ కుర్చీలోంచి లేచింది. "మరి ఇన్నిరోజులు ఎందుకు చెప్పలేదు?"

"సబ్బును చూడమని ఎవరూ చెప్పలేదు. సబ్బు శుభ్రం చేసేది అని నాకు నేర్పారు."

నాకూ అదే నేర్పారు. నేనూ చూడలేదు.

మధ్యాహ్నం కమిటీ ముందు నిలబడి నా కాగితం నేనే చదివాను. రోజులు, తొట్టెలు, నీళ్ళు. వెనక వరుసలో ఫర్హానా ఉంది. బుచ్చవ్వ ఉంది. స్వరూప లేదు. ఒకటో తొట్టె ఆ పూటే ఖాళీ అయింది.

బుచ్చవ్వ లేచి, "ఓ సక్కీ," అన్నది. కూర్చుంది.

జోగమ్మ పైకి వెళ్ళనక్కర్లేదన్నారు. కట్టుబాటు మాత్రం మార్చలేదు. మూడో తొట్టె గదిలో ఉండకూడదు.

బొగ్గుదుమ్ము రాలే గల్లీలో మా ఇల్లు. అక్కడికి తీసుకుపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. సుగుణ సిస్టర్ అందరి ముందూ అడిగింది: "కట్టుబాటుల 'తొట్టెల గదిలో' అనే ఉన్నది గదా సార్. సామాన్ల గది తొట్టెల గది కాదు గదా." కమిటీ పెద్దసారు ఆమె వంక చూశాడు. కాదని అనలేదు.

సామాన్ల గదిలో పొయ్యి ఉంది కాబట్టి వెచ్చగా ఉంటుంది. దాది చేతులు ఇక్కడికి రావు. కన్ను కూడా లేదు. ఊపిరి ఆగితే చెప్పేవాళ్ళు లేరు. పావనీ నేనూ వంతులవారీగా రొమ్ము మీద వేసుకోవాలి. ఆగినప్పుడు అరికాలు గిల్లాలి.

కానీ నేను ముట్టుకోలేకపోయాను. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. పావనికి నిద్రలేక కళ్ళు మూతలు పడుతున్నాయి. "అమ్మా, పట్టుకో," అంటోంది. నా చేతులు రావడం లేదు.

జోగమ్మ లోపలికి వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. నా చేతులు ముందుకు లాగి, సీసా వంచి, అరచేతుల్లో పోసింది. చల్లగా మొదలై మంట పట్టింది. గుడ్డలు ఉడకబెట్టి ఉడకబెట్టి నా చేతులు కూడా ఎప్పుడో పగిలి ఉన్నాయి. చూసుకోలేదు.

"మండుతున్నదా?" అన్నది.

"ఆ."

"మండనియ్యి. ఆరినంక పట్టుకో."

ఆ సీసా పావనికి ఇచ్చి వెళ్ళిపోయింది. నా మీద కోపం లేదని మాత్రం అనలేదు.

27వ రోజు

ఊపిరి: 66, 70, 64. ఆగింది పదకొండుసార్లు. గిల్లితే ఏడుపు లేదు, కాలు మాత్రం వెనక్కి తీసుకుంటోంది.

పాలు: చెంచాలో పావువంతు, నాలుగుసార్లు.

28వ రోజు

ఊపిరి: 63, 60, 61. ఆగింది ఆరుసార్లు.

పాలు: అర చెంచా, ఐదుసార్లు. ఒకసారి కక్కింది.

30వ రోజు

ఊపిరి: 54. ఆగింది ఒక్కసారి. పాదం నా మెడకు ఆనించి చూశాను. చల్లగా లేదు. వెచ్చగా ఉందని రాయడానికి భయంగా ఉంది. చల్లగా లేదు, అంతే.

పావని బిడ్డను తీసుకున్నాక పుస్తకం పట్టుకుని బయలుదేరాను. నా పుస్తకంలో రెండో తొట్టె, ఐదో తొట్టె, ఒకటో తొట్టె అని ఉంది. అలా ఉంచి పుస్తకం మూయలేను.

బుచ్చవ్వ గుమ్మం దగ్గరే నిలబెట్టి చెప్పింది. 'వెన్నెల' అనుకున్నారట. చెప్పి తలుపు వేసింది. స్వరూప లోపలి నుంచి రాలేదు. ఆమె భర్త వచ్చి, 'అద్వైత్' అని, నేను సరిగ్గా రాశానో లేదో చూసి వెళ్ళాడు.

ఫర్హానా పీట వేసింది. నేను కూర్చోలేదు.

"పేరు ఎందుకు?" అన్నది.

"రాసుకుంట."

"సబ్బు లెక్కల పక్కనా?"

"ఆ. దాని పక్కన్నే."

నా పుస్తకాన్ని చూసింది. తరువాత చెయ్యి చాపి పెన్ను తీసుకుని తనే రాసింది. రేహాన్. పుస్తకం నా చేతిలో పెట్టి, "మళ్ళ నా ఎదుట పడకు అత్తా," అన్నది. అత్తా అనడం మాత్రం మానలేదు. దారి పొడవునా నాకు ఆ మాటే వినబడింది.

40వ రోజు

బరువు 1,610. ఊపిరి 48. నిన్న పావని దానికి పేరు పెట్టింది. పేరు నేను ఇంకా రాసుకోలేదు. ఇంకో నెల పోయాక రాసుకుంటాను.

ఇవాళ తాళంచెవి నర్సవ్వకు అప్పగించాలి. నర్సవ్వ మా గల్లీ మనిషే. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడే మనిషి. నాకు తెలిసిన ఆడవాళ్ళలో నాకంటే జాగ్రత్తపరురాలు ఈమె ఒక్కతే.

గుడ్డలు, చెంచాలు, గిన్నెలు లెక్కపెట్టి ఇచ్చాను. నూలుగుడ్డలు 64కు 64. అప్పుడు జాడీ చేతికిచ్చి చెప్పాను. "నీళ్ళు కలపొద్దు. పాతదాని మీద కొత్తది పొయ్యొద్దు. రోజూ పొద్దున అడుగున ఎంత ఉన్నా సరే పారబొయ్యాలె. జాడీ ఉడకబెట్టాలె, ఆరబెట్టాలె, అప్పుడు కొత్తది పొయ్యాలె."

"ఎరకే సక్కక్కా, ఊరందరికీ ఎరకే. నీ సంగతి వినంది ఎవలు?" నర్సవ్వ జాడీని దీపానికి ఎదురుగా ఎత్తి చూసింది. అడుగున నాలుగు వేళ్ళ సబ్బు నీలంగా మెరిసింది. "ఇది ఇయ్యాల పొద్దున పోసిందే గదా? మంచిదే గదా ఇది?"

"మంచిదే. అయినా పారబొయ్యి."

"గింత సబ్బా? ట్రాలీ మళ్ళ ఆగిందంటున్నరు అక్కా."

"పారబొయ్యి నర్సవ్వా."

"సరే సరే. నువ్వు పోరాదు, పిల్ల ఎదురుచూస్తది. నేను చూసుకుంట."

పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను. తలుపు మూసుకుంది. వాలుబాట వైపు నాలుగడుగులు వేసి ఆగాను. తూములో సబ్బు పడే చప్పుడు కోసం విన్నాను. గుడ్డలు సర్దుతున్న చప్పుడు వచ్చింది. చెంచాలు గిన్నెలో వేసిన చప్పుడు వచ్చింది. నలభై దాకా లెక్కపెట్టాను. తూము చప్పుడు రాలేదు.

తరువాత జాడీ మూత తిప్పిన చప్పుడు, డబ్బాలోంచి ఏదో నిదానంగా జాడీలోకి పోస్తున్న చప్పుడు.

వెనక్కి తిరిగి తలుపు కొట్టాను.